ఇంకొక్క రోజు ఉండు

తోమిన గిన్నెలు తుడిచి బోర్లిస్తుంటే భర్త వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎల్లుండి నుంచి వారం రోజులు నువ్వు గిన్నెలు ముట్టుకోకు," అన్నాడు. ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఈ ఆరేళ్ళ కాపురంలో ఆ గుమ్మంలో నిలబడి అతనన్న మాటలు వేరు. ఇంకా అవలేదా అనేవాడు. పొద్దున్నించీ ఏం వెలగబెడుతున్నావనేవాడు. మంచినీళ్ళు అని ఒక్క మాట విసిరేసి వెళ్ళిపోయేవాడు. అలాంటి మనిషి గిన్నెలు ముట్టుకోవద్దనేసరికి, పాపం, తనకేదో మందులేని జబ్బు చేసిందని, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి తనకే చెప్పలేదని అనుకుంది.

జబ్బు కాదు. చెల్లెలు వస్తోంది.

చెల్లెలు పశువైద్యం చదువుతోంది. ఇంకా ఏడాదికి పైగా చదువుంది. పరీక్షలయిపోయి వారం సెలవులొచ్చాయి. ఈ సముద్రం ఊరు చూడాలని, పడవలెక్కాలని, నీళ్ళలో మునిగి పగడాలు చూడాలని, గాలిగొడుగు కట్టుకుని ఎగరాలని ఆ పిల్లకి ఎప్పట్నుంచో సరదా. ఇదివరకు వస్తానన్నప్పుడల్లా ఈ ఇంట్లో ఎవరికో ఒకరికి ఒంట్లో బాగుండేది కాదు. ఈసారి మాత్రం బావే స్వయంగా ఫోన్ చేసి, "రా మరదలా, ఊరంతా నీదే అనుకో," అన్నాడు. ఎందుకన్నాడో భార్య దగ్గర దాచలేదు. దాచాలంటే ఆ మనిషి ఏమనుకుంటుందోనన్న బెదురు కాస్తయినా ఉండాలి కదా. అతని తమ్ముడికి ఆ పిల్లని చేసుకోవాలని అత్తగారి ఆలోచన. "బయట్నుంచి తెచ్చుకుంటే ఎలాంటిది దాపురిస్తుందో ఎవరు చూడొచ్చారు? మీ ఇంటి పిల్లలైతే నాకు తెలుసు. నోట్లో నాలుకుండదు," అంది అత్తగారు, కోడల్ని మెచ్చుకుంటున్నాననే అనుకుంటూ.

నేరుగా అడిగితే చిన్నది ఒప్పుకోదని వాళ్ళకి తెలుసు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఉండవే, పొయ్యి మీద పెట్టొచ్చాను" అని పెట్టేసే అక్కని వింటూ పెరిగిన పిల్ల. అందుకని అక్క ఎంత సుఖపడుతోందో కళ్ళకి కట్టినట్టు చూపించాలి. చూశాక తనే దారికొస్తుంది. "నీ మంచికే చెప్తున్నా, ఈ వారం మొహం కాస్త నవ్వుతూ పెట్టు," అన్నాడు భర్త. అత్తగారు ఆ మాటకి తోడుగా, "మీ చెల్లెలొస్తే సుఖం ఎవరికే? నాకా? ఇద్దరూ చెరో చెయ్యీ వేసుకుంటే పని ఎంతసేపు!" అంది.

చెప్పొద్దూ, ఆ మాట ఆమెకి నచ్చింది. అక్కడే ఆమె తప్పంతా ఉందని నేనైతే అనను కానీ, నచ్చిన మాట నిజం. ఆ రాత్రి పిండి కలుపుతూ ఊహించుకుంది. పక్కన ఇంకో మనిషి నిలబడి ఉల్లిపాయలు తరుగుతుంటుంది. అత్తగారు ఏదో అన్నప్పుడు ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వాపుకుంటారు. జ్వరం వస్తే నుదుటి మీద ఓ చెయ్యి పడుతుంది. ఆమెకి కావలసింది ఆ చెయ్యి. ఆ చెయ్యి రావడానికి ఓ పిల్ల చదువు, ఓ పిల్ల జీవితం గోదాట్లో కలిసిపోతుందని తెలియక కాదు. తెలిసీ పిండి కలుపుతూనే ఉంది. ఒంటరితనం మనిషిని ఎంత నీచంగా ఆలోచింపజేస్తుందో ఒంటరిగా ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

మర్నాటికి ఇల్లు మారిపోయింది. కిటికీలకి కొత్త తెరలొచ్చాయి. భర్త ఓ క్రీము ట్యూబు తెచ్చి బల్ల మీద పడేసి, "చేతులకి రాసుకో. చూస్తే ఎవరో కూలిమనిషి చేతుల్లా ఉన్నాయి," అన్నాడు. ఆ చేతులు అలా ఎందుకయ్యాయో అతనికి గుర్తులేదనుకోవాలా? మరిది ఎక్కడినుంచో ఓ పనావిడని పట్టుకొచ్చాడు. ఆవిడ చేసే ఇంటివాళ్ళు ఊరెళ్ళారట, వారం ఖాళీగా ఉందట. వంటా, గిన్నెలూ, బట్టలూ అన్నీ ఆవిడే. వీళ్ళ పెళ్ళయిన దగ్గర్నించీ ఈ ఇంట్లోనే చేస్తున్నానని చెప్పాలని షరతు. "దానికేం భాగ్యం, చెప్తానండీ," అంది ఆవిడ. నటనలో ఆ ఇంట్లో అందర్నీ మించిపోయింది. చెల్లెలు పెట్టె గుమ్మంలో దించగానే ఎదురెళ్ళి, "మీ అక్కగారిని నేను ఒక్క పనీ చెయ్యనివ్వనమ్మా, నా కూతురనుకుంటాను," అని కళ్ళు కూడా ఒత్తుకుంది. ఆ తర్వాత వంటింట్లోకొచ్చి ఆ కూతురి చెవిలో, "ఉప్పెక్కడ పెడతారండీ?" అని అడిగింది.

మొదటి భోజనం దగ్గరే తేడా వచ్చింది. అందరూ బల్ల చుట్టూ చేరారు. భర్త "కూర్చోవోయ్," అన్నాడు. ఆమె నిలబడిపోయింది. ఆ ఇంట్లో తన కుర్చీ ఏదో ఆమెకి తెలియదు. అందరూ తిన్నాక, వంటింటి గట్టుకి ఆనుకుని, ఎడమ చేత్తో గిన్నెలు సర్దుకుంటూ కుడి చేత్తో తినడమే ఇన్నాళ్ళూ. ఏ కుర్చీ ఖాళీ అయితే అందులో కూర్చుందామని చూసి, వెళ్ళి మరిది కుర్చీలో కూర్చుంది. మరిది ఒక్క క్షణం తెల్లబోయి, మరుక్షణం "వదిన ఎప్పుడూ ఇంతే, నా కుర్చీ లాగేసుకుంటుంది," అని చెల్లెలి వైపు చూసి కన్నుగీటాడు. చెల్లెలు పగలబడి నవ్వింది. మరిది మాటకారి. బైకుల షోరూములో మేనేజరు, వద్దన్నవాడి చేత కూడా బండి కొనిపించగలడు.

ఇంతలో అత్తగారు పనావిడని కేకేసి, "మా కోడలికి వంకాయ పడదు, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి. ఆ కూర అటు పెట్టు," అంది.

ఆమె చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆ మాట తను చెప్పింది. "పడకపోవడమేంటి, పెట్టింది తినడం నేర్చుకో," అంది అప్పుడు అత్తగారు. ఆ తర్వాత కావాలని వారానికి రెండుసార్లు వండించింది. ఆమె గోక్కుంటూ వండేది, గోక్కుంటూ వడ్డించేది. ముసలావిడ, ఆ కాలం మనిషి, ఒంటికి పడకపోవడమంటే ఏంటో అర్థంకాక అంటోంది అని సరిపెట్టుకునేది. ఇప్పుడు చూస్తే దద్దుర్లని కూడా తెలుసు.

ఆ వారం ఆమె సముద్రం చూసింది. ఇల్లు సముద్రానికి నడిచివెళ్ళేంత దూరంలోనే ఉంది. మేడ మీద బట్టలారేస్తే రెండు భవనాల సందులోంచి నీలంగా ఓ చీలిక కనిపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో భర్త ఒకసారి బండి మీద తీసుకెళ్ళి, బండి దిగకుండానే చూపించి, "చూశావుగా, పద. సముద్రం ఎక్కడికి పోతుంది, ఇంకోసారి చూద్దువుగాని," అన్నాడు. ఆ ఇంకోసారి ఇప్పుడొచ్చింది. అయితే ఆమె మొదటిసారి చూస్తున్నట్టు కనిపించకూడదు. ఎప్పుడూ వస్తూనే ఉంటామనీ, చూసి చూసి విసుగొచ్చిందనీ చెప్పాలి. అందుకని చెల్లెలు కెరటం తగిలినప్పుడల్లా కేకలు పెడుతుంటే, తను గుండె దడదడలాడుతున్నా, మోకాళ్ళదాకా తడిసి ఒళ్ళు జలదరిస్తున్నా, కూరగాయల బజారులో నిలబడ్డట్టు మొహం పెట్టుకుని నిలబడింది. ఆనందాన్ని దాచుకోవడం ఏడుపుని దాచుకోవడం కంటే కష్టమని ఆమెకి ఆ రోజే తెలిసింది. రెండోదాంట్లో ఆరితేరింది కనక పోల్చి చెప్పగలదు.

చెల్లెలికి మాత్రం పట్టపగ్గాల్లేవు. ఒకరోజు మోటారు పడవ వెనక గాలిగొడుగు కట్టుకుని ఎగిరింది. ఒకరోజు అడుగున అద్దమున్న పడవలో బోర్లా పడుకుని, చేపల్ని చూస్తూ, ఏ చేపకి ఏ రోగమొస్తుందో మరిదికి పాఠం చెప్పింది. అతను నోరు తెరుచుకుని విన్నాడు, లేక విన్నట్టు కనిపించాడు. వాన ముంచుకొస్తే గొడుగు పారేసి తడిసింది. పాత దీపస్తంభం మెట్లు పరుగెత్తి ఎక్కింది. వెనక ఎక్కుతున్న ఆమెతో భర్త, చెల్లెలికి వినపడేలా, "మెల్లగా రావోయ్, నీ మోకాలు అసలే బాగాలేదు," అన్నాడు.

ఆమె మెట్టు మీద ఆగింది. మోకాలి సంగతి తను అతనికి చెప్పింది ఒక్కసారే. అప్పుడతను ఫోన్ చూసుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు. వినలేదేమో అనుకుంది. మగవాళ్ళకి అలాంటివి చెవికెక్కవు అనుకుంది. ఇంకోసారి చెప్పి విసిగించడమెందుకని నొప్పితోనే నేల తుడిచింది. విన్నాడన్నమాట. అన్నీ విన్నాడు. ఏ కాలో కూడా తెలుసు, ఎందుకంటే చెయ్యందించడానికి ఆ కాలి వైపే వచ్చాడు.

ఇన్నేళ్ళూ ఆమె ఆ ఇంటిని ఒకే ఒక్క మాట మీద మోసింది. పాపం వాళ్ళకి తెలియదు, అన్నదే ఆ మాట. పెంపకం అలాంటిది, చెప్పేవాళ్ళు లేరు, తిన్నావా అని అడగాలని కూడా తోచదు, ఏదో ఒకరోజు తెలుసుకుంటారు. తెలియని వాళ్ళ మీద కోపం పెట్టుకోవడం ఏం బాగుంటుంది? ఇప్పుడు చూస్తే అన్నీ తెలుసు. తిన్నావా అని అడగడం తెలుసు. తిన్న కంచం తీసి పెట్టడం తెలుసు. ఆమె మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాకుండా ఉండడం తెలుసు. ఫ్యాను ఆమె వైపు తిప్పడం తెలుసు. నేర్చుకోవడానికి ఒక్క పూట కూడా పట్టలేదు, మొదటి రోజు నుంచే తు.చ. తప్పకుండా చేశారు. అంటే ఆరేళ్ళుగా ప్రతి పూటా, తెలిసి, చెయ్యకుండా ఊరుకున్నారు. ఆమెకి కళ్ళు తిరిగి మెట్టు మీద కూలబడింది. "చూశావా, చెప్పానా," అన్నాడు భర్త ప్రేమగా.

ఆ మర్నాడు ఆమె పప్పులో కాలేసింది.

ఒడ్డుకి కాస్త దూరంలో చిన్న దీవి ఉంది. పొద్దున పూట నీళ్ళు వెనక్కి పోయి ఇసుక గట్టు తేలుతుంది, దాని మీద నడిచి వెళ్ళొచ్చు. అందరూ అలాగే వెళ్ళారు. దీవిలో గుహలున్నాయి, చెల్లెలు దూరని గుహ లేదు. తిరిగొచ్చేసరికి గట్టు లేదు. ఎక్కడ చూసినా నీళ్ళే. "అయ్యో, దారేమైపోయిందే? మనమొచ్చిన దారి ఏదీ? ఇంక ఇంటికెలా పోతాం?" అని ఆమె చెల్లెలి భుజం పట్టుకుని గట్టిగా అరిచేసింది.

చెల్లెలు వింతగా చూసింది. "అదేంటక్కా! పొద్దున ఆటు, ఇప్పుడు పోటు. పడవ వస్తుందిగా. ఎప్పుడూ వస్తూనే ఉంటాం అన్నావు?"

"మీ అక్క నిన్ను ఆటపట్టిస్తోంది," అన్నాడు భర్త, నవ్వుతూ. నవ్వుతూనే ఆమె పక్కకి జరిగి, భుజం మీద చెయ్యి వేసినట్టు వేసి, జబ్బ లోపలివైపు మెత్తటి చోటు చూసి రెండు గోళ్ళతో పట్టుకుని మెలితిప్పాడు. మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. ఆమె నోట్లోంచి కెవ్వుమని కేక వచ్చింది. ఆపుకోలేకపోయింది.

"ఏమైందక్కా?"

ఒడ్డున బోర్డు మీద చూసిన బొమ్మ గుర్తొచ్చి, "ఏదో కుట్టినట్టుంది. ఆ నీళ్ళలో ఉంటుందే, జెల్లీ చేప," అంది.

ఆమె నిలబడ్డది పొడి ఇసుక మీద. అది ఎవరూ పట్టించుకోలేదు. పడవవాడు వెనిగర్ సీసా పట్టుకొచ్చాడు. "ఈ నెలల్లో ఇక్కడ కుట్టేవి రావు కదండీ," అన్నాడు అనుమానంగా. "మా ఆవిడ కోసం స్పెషల్‌గా వచ్చినట్టుంది," అన్నాడు భర్త, అందరూ నవ్వారు. ఆ సీసా తనే తీసుకుని, ఆమె చెయ్యి ఎత్తి పట్టుకుని, తను చీల్చిన చోట తనే వెనిగర్ పోశాడు. మంటకి ఆమె పళ్ళు బిగించింది. అతను ఉఫ్ ఉఫ్ మని ఊదాడు కూడా. చెల్లెలు వంగి చూసింది. కుక్కల గాయాలూ గేదెల గాయాలూ చూసి చూసి అలవాటైన కళ్ళు. రెండు చిన్న చంద్రవంకల్లాంటి గాట్ల మీద ఆ కళ్ళు ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగాయి. అప్పుడే మరిది, "పడవ కదుల్తోంది, ముందు సీటు కావాలా వద్దా?" అని కేకేశాడు. చెల్లెలు లేచి పరుగెత్తింది. సెలవుల్లో ఉన్నవాళ్ళకి చూడకూడనివి చూడకపోవడం తేలిక.

అయినా ఆ వారంలో ఆమెది అనదగ్గ అరగంట ఒకటుంది. అది కూడా చెప్పాలి. పగడాలున్న చోట పడవ ఆపి, అందరికీ కళ్ళకి అద్దం, నోటికి గొట్టం తగిలించారు. నడుముకి గాలి నింపిన ట్యూబు కట్టుకుని ఆమె కూడా దిగింది. తల నీళ్ళలో పెట్టగానే చెవుల్లోంచి ప్రపంచం పోయింది. పిలిచేవాళ్ళు లేరు. కింద పసుపుపచ్చ చేపల గుంపు ఒకటి తన దారిన తను పోతోంది. ఓ పెద్ద చేప ఆమె మొహం దాకా వచ్చి, పనికొచ్చే మనిషి కాదని తేల్చుకుని వెళ్ళిపోయింది. ఎవరికీ పనికిరాకపోవడం ఇంత బాగుంటుందా అనుకుంది. అద్దంలో నీళ్ళు చేరాయి. పైకొచ్చాక పడవవాడు పట్టీ వదులైందనుకుని బిగించాడు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు సాయంత్రం బాల్కనీలో తడి బట్టలు ఆరేస్తూ చెల్లెలు అంది: "అక్కా, అత్తయ్యగారు నన్ను అడిగారు. మీ మరిది కూడా అడిగాడు. నువ్వేమంటావో అని ఆగాను కానీ, సరే అందామనుకుంటున్నా. చదువు ఇక్కడే పూర్తి చెయ్యమన్నారు. నిజం చెప్పనా? ఇన్నాళ్ళూ నిన్ను తలుచుకుంటే జాలేసేది. నీ గొంతు విని ఎన్నోసార్లు ఏడ్చాను. నేనెంత పిచ్చిదాన్ని! నీలా బతకాలనుంది అక్కా."

నీలా బతకాలనుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. చదువు మధ్యలో మానేసిందని పుట్టింట్లో నామోషీ, ఏమీ చేతకాదని అత్తింట్లో నామోషీ. ఇప్పుడు, గుర్రాన్నయినా లొంగదీసే ఈ పిల్ల, తన వైపు ఈర్ష్యగా చూస్తోంది. ఆమె ఒళ్ళు పొంగింది. వెంటనే ఆ పొంగు మీద అసహ్యం వేసింది. నిజం చెప్పాలంటే ఈ మొహం ముందు తన బతుకు విప్పుకుని నిలబడాలి. ఆ పనావిడ అద్దె మనిషి, ఈ కుర్చీ నాది కాదు, నన్ను కుట్టింది చేప కాదు, నేను కూడా నీతోపాటే ఈ వారమే సముద్రంలో కాలు పెట్టాను అని చెప్పాలి. దెబ్బలు తినడం కంటే తిన్నానని చెల్లెలితో చెప్పడం సిగ్గు. నోరు తెరిచింది, రాలేదు. "ఆలోచించుకోవే," అని మాత్రం అంది. "ఆలోచించా," అంది చెల్లెలు ఆమె మెడ చుట్టూ చేతులేసి.

మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్తే హాల్లో తల్లీకొడుకులు మాట్లాడుకుంటున్నారు. "పెళ్ళయ్యాక కాలేజీ ఏంట్రా, ఇంట్లో పనెవరు చేస్తారు?" అంటోంది అత్తగారు. "ముందు రానీ అమ్మా," అన్నాడు మరిది ఫోన్ చూసుకుంటూ. "నాలుగు రోజులు వెళ్ళనిస్తే, ఇంటి పనీ అదీ పడలేక తనే మానేస్తుంది. వదిన మానెయ్యలేదూ?" ఆమె వాళ్ళ ఎదురుగా నిలబడే ఉంది. ఇద్దరూ చూశారు. గొంతు తగ్గించాల్సిన అవసరం ఇద్దరికీ కనబడలేదు.

మర్నాడు పొద్దున పెట్టె గుమ్మం దగ్గరికొచ్చింది. బస్సుకి దింపడానికి భర్త బండి తాళాలు తిప్పుతున్నాడు. అత్తగారు పైట చెంగు కళ్ళకి అద్దుకుంటూ, "నిన్ను పంపించాలని లేదు తల్లీ. ఇంకో పది రోజులుంటే ఎంత బాగుండేది!" అంది.

"అయితే ఇంకొక్క రోజు ఉండవే," అంది ఆమె.

ఆ మాట ఆమె ఎంతో మామూలుగా అంది. భర్త చేతిలో తాళాలు ఆగాయి. "టికెట్టుంది కదా," అన్నాడు. "కాలేజీ పోతుంది పాపం," అంది అత్తగారు, పది రోజులు ఉండమన్న నోటితోనే. "కాలేజీ సోమవారమే కదండీ, ఉంటా!" అని చెల్లెలు అక్కడే ఫోన్లో టికెట్టు మార్చేసుకుని పెట్టె లోపలికి లాక్కెళ్ళింది. పనావిడ చెప్పులేసుకుంటూ, "మా వాళ్ళు ఊర్నించి వచ్చేస్తున్నారండీ, నేనుండలేను," అని వెళ్ళిపోయింది. ఎంత నటన నేర్చినా అద్దె గడువు దాటాక ఎవరుంటారు?

అత్తగారు గట్టి మనిషి. నడుం బిగించి, "ఇవాళ నా కోడలికి నేనే వండి పెడతా," అని వంటింట్లోకి నడిచింది. "ఎంత మంచావిడక్కా!" అంది చెల్లెలు. పాలు పొంగిపోయాయి. కూర మాడింది. పక్కనుంచి పోతూ అత్తగారు "లేవే," అని పళ్ళ మధ్యనుంచి అంది. ఆమె గట్టిగా, ముద్దుగా, "మోకాలు బాగాలేదత్తయ్యా, మీరే కూర్చోమన్నారుగా," అంది. కుర్చీలోనే కూర్చుంది, ఈసారి భర్త కుర్చీలో. భయపడుతూనే కూర్చుంది. మధ్యాహ్నానికి తొట్టి నిండా గిన్నెలు పేరుకున్నాయి. వాటిని చూస్తుంటే చేతులు వాటంతటవే లేవబోతున్నాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. భర్త వారం తర్వాత ఆ పొద్దునే ఆఫీసుకి వెళ్ళాడు. మరిదీ చెల్లెలూ సముద్రానికి వెళ్ళారు. కాసేపటికి ఎండకి తల నొప్పిగా ఉందని చెల్లెలు ఆటో ఎక్కి ఒక్కతే వచ్చేసి, వంటింట్లో ఉన్న అత్తగారి కంటపడకుండానే స్నానానికి వెళ్ళింది.

భర్త తలుపు తీసుకుని లోపలికొచ్చేసరికి స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది. గుమ్మంలో చెల్లెలి చెప్పులు లేవు. ఇసుకంటుకున్నాయని బాల్కనీలో పెట్టింది. పిల్ల ఇంకా సముద్రం దగ్గరే ఉందనుకున్నాడు. అన్నం లేదు. గిన్నెలు తోమలేదు. తన కుర్చీలో భార్య కూర్చునుంది. వారం రోజులు బిగబట్టిన నోరు కదా, కట్ట తెగింది.

"ఏయ్. చచ్చావా? ఎవడబ్బ సొమ్మని కుర్చీలెక్కి కూర్చున్నావే?"

"నేను చెప్తూనే ఉన్నా," అంది అత్తగారు వంటింట్లోంచి చెమటలు తుడుచుకుంటూ. "వారం మేపేసరికి కొవ్వెక్కింది. పొద్దున్నించీ నాచేత చాకిరీ చేయించింది."

అతను తొట్టిలోంచి మాడిన బాణలి తీసుకొచ్చి, మురికి నీళ్ళతో సహా ఆమె ఒళ్ళో బోర్లించాడు. జుట్టు పట్టుకుని మొహం దాని మీదకి వంచాడు. "తోము. చేతుల్లేకపోతే నాలుకతో తోము. నీ చెల్లెల్ని రానీ ఒకసారి ఈ ఇంటికి, ఇద్దరికీ కలిపి చెప్తా."

ఆమె తల తిప్పలేకపోయింది కానీ, చెల్లెలు స్నానాలగది గుమ్మంలో నిలబడిందని అత్తగారి మొహం చూసి తెలుసుకుంది. భర్త కూడా అప్పుడే చూశాడు. జుట్టు వదిలేశాడు. అతని మొహంలోకి నవ్వు తిరిగొచ్చింది. ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఆమెకి ఆ జుట్టు పీకుడు కంటే ఆ నవ్వే ఎక్కువ నొప్పి పుట్టింది.

"అరె, మరదలా! నువ్వెప్పుడొచ్చావు? మీ అక్కా నేనూ ఇలాగే సరదాగా పోట్లాడుకుంటూ ఉంటాంలే."

చెల్లెలు తడి జుట్టుతో, చేతిలో తువ్వాలుతో నిలబడింది. ఆమె ఒళ్ళోంచి మసి నీళ్ళు నేల మీదకి కారుతున్నాయి. సిగ్గుతో చచ్చిపోతాననుకుంది. చావలేదు. మొహం తుడుచుకోకుండా అలాగే చెల్లెలి వైపు తిరిగింది, బాగా కనబడాలని.

"ఇదేనే నా బతుకు," అంది. "ఇప్పుడు చెప్పు. సరే అంటావా?"

"అమ్మాయి మాటలు నమ్మకు తల్లీ, దానికి మతి..." అని అత్తగారు అందుకోబోయింది.

"అననక్కా," అంది చెల్లెలు. కళ్ళు అక్క మీదనుంచి తిప్పలేదు. "మరి నువ్వు?"

ఆమె బాణలి తీసి, నేల మీద కాదు, ఆ కుర్చీలో పెట్టింది. లేచి నిలబడడానికి మోకాలు కాస్త ఇబ్బంది పెట్టింది. భర్త ఏదో అంటున్నాడు, నవ్వు గొంతుతో మొదలుపెట్టి అసలు గొంతులోకి దిగుతున్నాడు.

"నీ పెట్టెలో నా బట్టలు నాలుగు పడతాయేమో చూడవే," అంది.